క్లోమం జబ్బు ఉన్న ఇంటికి ఎవరిని పంపాలి?

నా నౌకరీ మొత్తం మీద రోగుల ఇంటివాళ్ళతో నేను ఎక్కువసార్లు అన్న మాట ఒక్కటే: "తినిపించమ్మా." మంచి మాటే. కానీ ఆ మాటతోనే ఒక ఇల్లాలిని రెండు నెలలు ఏడిపించాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గుబాయిల ఊళ్ళల్లో, కంపెనీ దవాఖానల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ కథ జరిగిన దవాఖాన ఏదో చెప్పను. తప్పులు చేసింది నేను, ఆ గోడలు కావు. మా నాయన కూడా బాయిలో దిగినవాడే. నన్ను వరంగల్‌కు నర్సు ట్రైనింగుకు పంపుతుంటే చుట్టాలొచ్చి కూర్చున్నారు. "ఆడపిల్లను మందికి మలమూత్రాలు ఎత్తనీకి పంపుతున్నవా?" అన్నారు. "రేపు మీరు మంచంల పడితే ఎవలు ఎత్తాలె మరి?" అన్నాడు మా నాయన. వాళ్ళు చాయ్ కూడా తాగకుండా లేచిపోయారు. నాకు వచ్చిన నోరు ఆయనదే. వార్డులో అందరూ నా నోటికి భయపడేవాళ్ళు, డాక్టర్లతో సహా.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు నా దగ్గరకొచ్చి ప్రమోషన్ ఎన్నేళ్ళకు వస్తుంది, ఏ వార్డు తేలిక అని అడుగుతుంటారు. అవి ఆఫీసులో గుమాస్తా నాకన్నా బాగా చెబుతాడు. నేను చెప్పగలిగింది ఒక జబ్బు గురించి, దానితో వేగిన రెండు ఇళ్ళ గురించి. ఎనభైల చివరి మాట ఇది.

పేరు తెలియని జబ్బు

మా దగ్గర మేకను కోసిన చోట నిలబెడితే చిన్నపిల్ల కూడా చెబుతుంది, ఇది కార్జం, ఇది తిల్లి, ఇది బోటి అని. క్లోమం మాత్రం ఎవరికీ తెలియదు. కడుపులో బాగా వెనక, వెన్నుకు దగ్గరగా దాక్కుని ఉంటుంది. దానికి కాన్సర్ వస్తే చాలాకాలం చప్పుడు చెయ్యదు. బయటపడేసరికి కళ్ళు పచ్చబడతాయి, కడుపులో నొప్పి వెన్నులోకి పోతుంది, తిండి సయించదు, మనిషి పుల్లలా అయిపోతాడు.

కళ్ళు పచ్చబడితే మా జనానికి ఒకటే లెక్క: కామెర్లు. పసరు తాగుతారు, మణికట్టు మీద వాత పెట్టించుకుంటారు, ఉప్పూ నూనే మాని పథ్యం పడతారు. నెలా నెలన్నర అక్కడే పోతుంది. అప్పటికీ తగ్గకపోతే రెండో లెక్క: తాగుడు. బాయిపని చేసే మనిషి కళ్ళు పచ్చగా కనిపిస్తే చాలు, "గుడుంబ తాగి తాగి కార్జం కరాబు చేసుకుండు" అని తీర్పు చెప్పేస్తారు.

యూసుఫ్ భాయ్ కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, చుక్క ముట్టి ఎరుగడు. ఆయన కళ్ళు పచ్చబడితే బజారులో ఆయన్నీ అన్నారు, చాటుగా తాగుతున్నాడేమో అని. ఆయన్ను హైదరాబాద్ పంపాం. అక్కడ కడుపు తెరిచి చూసి, పైత్యరసం పోవడానికి వేరే దారి కల్పించి, గడ్డ తీయడం మాత్రం కుదరదని చెప్పి పంపించారు. ఆయన భార్య ఖాజాబీకి అక్కడి డాక్టరు ఆ అవయవం పేరు ఉర్దూలో చెప్పాడట, లబ్‌లబా అని.

"సిస్టర్, ఆ మాట మా ఇంట్ల ఎన్నడూ ఇనలే. మా అమ్మీని అడిగితే ఆమెకూ ఎర్కలేదు," అంది నాతో. "పేరు కూడా తెల్వని దాంతోని ఎట్ల కొట్లాడాలె?"

కొట్లాడింది పాపం, ఎనిమిది నెలలు, ఒక్కతే. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి, ఇంజెక్షన్ వేసి, నాలుగు మాటలు చెప్పి వచ్చేదాన్ని. చలికాలం చివర్లో యూసుఫ్ భాయ్ పోయాడు. ఆ జబ్బు ఉన్న ఇంట్లో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఏమవుతుందో మా కాలనీ మొత్తంలో తెలిసిన మనిషి ఇప్పుడు ఖాజాబీ ఒక్కతే అని నాకు అప్పుడు తట్టలేదు. నేనూ మా డాక్టర్లూ ఉన్నాం కదా అనుకున్నాను. అదీ మా గర్వం.

నా త్రాసు

ఆయన పోయిన నెలకే కొమురయ్య మా వార్డుకొచ్చాడు. టింబర్‌మన్. అంటే బాయి లోపల పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని. మంథని వైపు పల్లెటూరి మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. మణికట్టు మీద వాత అప్పటికే పుండై ఉంది. నేను పుండు కడుగుతూ, వాత పెట్టినవాణ్నీ పెట్టించుకున్నవాణ్నీ కలిపి తిట్టాను. నవ్వాడే తప్ప మారు మాట్లాడలేదు.

హైదరాబాద్ వెళ్ళాడు. అదే ఆపరేషన్, అదే జవాబు. మా పెద్ద డాక్టరుగారు కొమురయ్య భార్య రాజవ్వను గదిలోకి పిలిచి సంగతి చెప్పి, "ఆయనకు మాత్రం తెలియనివ్వకు, ధైర్యం చెడుతుంది," అన్నారు. ఆ కాలంలో అందరూ అలాగే అనేవాళ్ళు. ఆయన మంచి సర్జన్, చెయ్యి తేలిక, మనసు కూడా చెడ్డది కాదు. కానీ రోగులూ వాళ్ళ ఇంటివాళ్ళూ తమలో తాము మాట్లాడుకోవడమంటే ఆయనకు గిట్టదు. వార్డులో ఇద్దరు ముచ్చట పెడితే చాలు, "ఇది దవాఖానా, రచ్చబండా?" అనేవారు.

కొమురయ్య ఇంటికొచ్చాడు. రాజవ్వ రోజూ "కామెర్లే, తగ్గుతయి" అంటూ తిరిగేది. వారానికోసారి ఆయన్ను మా దగ్గరకు తీసుకొచ్చేది. నేను త్రాసు మీద నిలబెట్టేదాన్ని. ముల్లు ప్రతిసారీ కిందికే పోయేది. నేను ఆయన ఎదుటే ఆమెను అరిచేదాన్ని: "పోయిన వారం మీద కిలో తగ్గాడు. ఏం పెడుతున్నావు అసలు? తినిపించమ్మా!"

ఆమె ఏం పెట్టలేదు గనక! జొన్నరవ్వ గట్క, అంబలి, కోడిపులుసు, పాలు. పళ్ళెం పట్టుకుని మంచం చుట్టూ తిరిగేది. ఆయన గోడవైపు తిరిగేవాడు. ఇరవై ఐదేళ్ళు గొడవన్నదే ఎరుగని మొగుడూ పెళ్ళాలు ముద్ద ముద్దకూ కొట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ కొట్లాట పెట్టింది నేనే.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు పొద్దున వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. గోడ మీద గట్క కారుతోంది. పళ్ళెం వాకిట్లో బోర్లా పడి ఉంది. కొమురయ్య లోపల కళ్ళు మూసుకుని పడుకున్నాడు. రాజవ్వ గడప మీద కూర్చుని ఉంది. పళ్ళెం విసిరింది ఆయనేమో అనుకున్నాను. ఆమే.

"నేను సంపుతున్ననా సిస్టరమ్మా?" అంది. "మా అత్త గట్లనే అంటది. వాడకట్టోల్లు గట్లనే సూస్తరు. నువ్వు త్రాసు కాడ నిలవడి గట్లనే అంటవు. చెప్పు, నేనేనా సంపుతున్నది?"

నేను గుడ్డ తడిపి గోడ తుడిచి వచ్చేశాను.

నేను చూపిన సాకులు

దారిలో ఖాజాబీ గుర్తొచ్చింది. ఈ సంగతులన్నీ ఆమెకు తెలుసు కదా అనిపించింది. పెద్ద డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి అడిగాను, రాజవ్వను ఆమెతో కలపనా అని.

"మతి ఉందా సిస్టర్? ఆమె భర్త పోయి మూడు నెలలు. ఈమె భర్త బతికున్నాడు. ఆమెను చూపించి ఈమెకు ఏం చెబుదామని?" అన్నారు.

ఆయన వద్దన్నారని చెప్పుకుంటే నాకు తేలిక. నిజం చెబుతాను, నాకే మనసొప్పలేదు. పసుపు కుంకుమలతో ఉన్న ఇల్లాలి ముందు, అదే జబ్బుతో మొగుణ్ని పోగొట్టుకున్న మనిషిని కూర్చోబెట్టడమా? శకునం కాదా? పసరు పోసేవాళ్ళనూ వాత పెట్టేవాళ్ళనూ నోరారా తిట్టిన నేను లోపల ఇంకో వాత మోస్తున్నాను. ఎన్ని పుస్తకాలు చదివితే ఏం లాభం?

దానికి తోడు ఇంకో సాకు దొరికింది. ఖాజాబీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు వాళ్ళ ఆడవాళ్ళు ఇల్లు దాటరు. సరే, ఆ గడువు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. క్లోమం జబ్బు ముందు నిలబడి "అయ్యాక చూద్దాం" అనుకోవడం ఎంత తెలివితక్కువతనమో మీరు నా మాట విని నేర్చుకోండి.

ఖాజాబీకి బీపీ ఉండేది. మే మొదట్లో చూడటానికి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. కూజా నీళ్ళు ఇచ్చి, "మొకం గట్లెందుకున్నది సిస్టర్?" అని అడిగింది. పేర్లు చెప్పకుండా గోడ మీది గట్క సంగతి చెప్పాను. ఆమె చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"లబ్‌లబానా?"

అవునన్నాను.

"ఆమెను నా తాన్కి తోల్క రా."

"నువ్వు ఇద్దత్‌లో ఉన్నావు కదా ఆపా. బయటికి రావు కదా."

"నేను పోవద్దు. ఆమె రావద్దని ఎవలన్నరు?"

ఇంత చిన్న సంగతి నాకెందుకు తోచలేదో! ఆయన పోయాక పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు ఎంతమంది ఆ గుమ్మం తొక్కడం నేను చూడలేదు! అయినా నీళ్ళు నమిలాను. ఆమెకు భర్త ఉన్నాడు, మీ ఇంటికి రావడమంటే ఏమనుకుంటుందో అన్నాను.

ఖాజాబీకి కోపమొచ్చింది. "అడిగినవా ఆమెను?"

అడగలేదు.

"అడగకుండనే నువ్వే అనుకుంటివి. వారే సిస్టర్!"

మర్నాడు రాజవ్వ దగ్గరకు వెళ్ళి, చాలా జాగ్రత్తగా, చుట్టూ తిప్పి చెప్పడం మొదలుపెట్టాను. ఇలా ఒకామె ఉంది, ఆమె భర్తకూ ఇదే జబ్బు, అయితే ఆయన ఇప్పుడు... అని ఆగాను. రాజవ్వ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఏ క్వార్టర్?" అంది.

తొలి ప్రశ్న

ఇద్దరినీ కూర్చోబెట్టి నేను ఏదో ఉపోద్ఘాతం చెప్పబోయాను. రాజవ్వ నా మాట విననే లేదు.

"అక్కా, మీ ఆయన దొడ్డికి పోతే నూనె తేలినట్టు ఉంటుండెనా?"

"ఉంటుండె. బకెట్ల నీళ్ళు పోసినా పోకపోతుండె."

"మా కాడ గూడ పోదు! రోజుకు ఐదు బకెట్లు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. నేను అదిరిపోయాను. ఒకరి భర్త పోయి నాలుగు నెలలు కాలేదు, ఇంకొకరి భర్త మంచంలో ఉన్నాడు. ఇదేం నవ్వు! ఆ ప్రశ్న రెండు నెలలుగా రాజవ్వ కడుపులో ఉంది. నన్ను ఎందుకు అడగలేదని తర్వాత అడిగితే, "నిన్ను సూస్తె భయం. మళ్ళ ఏం తప్పు జేసిన్నో అంటవని," అంది. సిగ్గుతో చచ్చాను.

ఆ రోజు ఖాజాబీ చెప్పినవి మా చీటీల్లో ఎక్కడా లేవు. నొప్పి వస్తే వెల్లకిలా పడుకోబెట్టవద్దు, ఒళ్ళో దిండు పెట్టి ముందుకు వంగి కూర్చోనివ్వాలి. తాలింపు వాసనకు వాంతి వస్తుంది కనక పోపు పక్క క్వార్టర్ పొయ్యి మీద పెట్టుకోవాలి, బొగ్గుపొయ్యి కిటికీకి దూరంగా వెలిగించాలి. దురదకు గోళ్ళు తీసి, తడిగుడ్డతో ఒళ్ళు అద్దాలి.

"అరిగే గోలీలు ఎప్పుడు ఏస్తున్నవ్?"

"తిన్నంక."

"తిన్నంక కాదు చెల్లె, తొలి ముద్దతోని. హైదరాబాద్ డాక్టర్ నాకు అట్ల చెప్పిండు. నొప్పి గోలీ గూడ నొప్పి లేచేదాక ఆగకు. గడియారం సూసి ఇయ్యి."

తిన్నాక వెయ్యమని రాజవ్వకు చెప్పింది నేనే. సాయంత్రం పెద్ద డాక్టరుగారిని అడిగితే ఆమె చెప్పిందే సరి అన్నారు, రెండు గోలీల విషయంలోనూ. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

చివరికి తిండి మాట వచ్చింది. రాజవ్వ తల వంచుకుంది. ఖాజాబీ గొంతు తగ్గింది.

"తిన్నవా అని అడగకు. మా ఆయనకు నేను ఒట్టు పెట్టి తినవెట్టిన. నా మీద ప్రేమకు తిన్నడు. తిని కక్కిండు. ఆ ఒట్టు నన్ను ఇంకా పట్టుకోనే ఉన్నది. నీ వంట తప్పు కాదు, నీ తప్పు కాదు. ఆకలిని ఆ జబ్బే తిన్నది. నువ్వు ఆయన పక్కకు కూసోని నువ్వు తిను. ఆయనకు బుద్ధి పుడితే రెండు ముద్దలు తింటడు, లేకుంటే లే. నువ్వు ఎప్పుడు తిన్నవ్?"

రాజవ్వ అప్పుడు ఏడ్చింది. నిన్న మధ్యాహ్నం తిన్నదట. ఖాజాబీ లేచి రొట్టె తెచ్చి చాయ్ పెట్టింది. రాజవ్వ రొట్టె చాయ్‌లో ముంచుకుని మూడు తిన్నది. ఆ వారం నుంచి నేను కొమురయ్యను త్రాసు మీద నిలబెట్టడం మానేశాను. ఆ అంకె తెలిసి ఎవరికి ఏం ఒరిగింది?

కొమురయ్య అడిగింది

రాజవ్వ వారానికి రెండు మూడుసార్లు వెళ్ళేది. తిరిగొచ్చి ఆయన మంచం పక్కన పీట వేసుకుని తన అన్నం తను తినేది. ఆయన ఒక్కోరోజు చెయ్యి చాచేవాడు, ఒక్కోరోజు లేదు. ఇంట్లో అరుపులు ఆగాయి.

ఒకరోజు నేను ఇంజెక్షన్ వేస్తుంటే కొమురయ్య అడిగాడు. "రాజవ్వ పోయేది యూసుఫ్ భాయ్ ఇంటికే గదా?"

నేను దూది కోసం వెతుకుతున్నట్టు నటించాను.

"సిస్టరమ్మా, నేను ఇరవై యేండ్లు కట్టెతోని పైకప్పు కొట్టి సూసినోన్ని. గట్టిదేదో డొల్లదేదో చప్పుడుతోనే ఎర్కైతది. మీరు నా ముంగట నవ్వే నవ్వు నాకు ఎర్కకాదా? నాకు వచ్చింది భాయ్‌కి వచ్చిందే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆయన ఎట్ల పోయిండో చెప్పుండ్రి. నాకు గదొక్కటే కావాలె. తెల్వక భయమైతాంది."

తిన్నగా వెళ్ళి పెద్ద డాక్టరుగారితో చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, సాయంత్రం తనే ఆ క్వార్టర్‌కు వచ్చారు. అంత పెద్ద డాక్టరు మైనింగ్ క్వార్టర్ల సందులోకి రావడం ఎవరూ ఎరుగరు. మంచం పక్కన కూర్చుని, ధైర్యంగా ఉండాలి, పిచ్చి ఆలోచనలు పెట్టుకోకూడదు అని మొదలుపెట్టారు.

కొమురయ్య అంతా విన్నాడు. "సారూ, బాయిలకు కొత్తోన్ని ఒక్కన్నే దించుతరా? పాతోన్ని ఎంట తోల్తరు. నేను పోయే తొవ్వల భాయ్ ముందు పోయిండు. ఆయన సంగతి ఎర్కున్న మనిషి నాలుగు వాడల అవుతల ఉన్నది. ఆమెతోని మాట్లాడద్దని ఎందుకంటరు?"

డాక్టరుగారు లేచారు. వాకిట్లోకి వచ్చాక నాతో అన్నారు, "సిస్టర్, నేను ఈ ఇంటికి రాలేదు. ఇక్కడ ఏం జరిగినా నాకు తెలియదు." ఆయన భాషలో అది సరేననడం. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

జూన్ మొదట్లో ఖాజాబీ గడువు తీరింది. గడువు తీరాక ఆమె గడప దాటి వెళ్ళిన మొదటి ఇల్లు కొమురయ్యది. బురఖాలో నాతో కలిసి సందులోకి వస్తుంటే ఎదురింటి అవ్వ వినబడేలా అంది, మొగుడు పోయినామె ఎందుకొస్తున్నదే ఇటు అని. రాజవ్వ వాకిట్లోకి వచ్చింది. "జబ్బు ఎర్కున్న మనిషి అవ్వా. నీకు ఎర్కుంటే నువ్వు రా!" అని లోపలికి తీసుకుపోయింది. ఆ మాట నేను అనాల్సింది, రెండు నెలల ముందే.

కొమురయ్య దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

"చెల్లె, భాయ్‌కి నొప్పి మస్తు అయిందా?"

ఖాజాబీ నావైపు చూసింది. నేను నేలచూపులు చూశాను. ఆమె ఇక నన్ను పట్టించుకోలేదు.

"అయింది అన్న. గోలీ ఆలస్యమైన నాడు మస్తు అయింది. యాళ్ళకు ఇచ్చిన నాడు అంత కాలే."

"ఆఖరుకు?"

"ఆఖరు మూడు దినాలు నిద్రనే. నడుమల ఒక్కసారి కండ్లు తెరిసి రేడియోల వార్తలైనయా అని అడిగిండు. కాలేదన్న. అప్పటికే అయినయి. గా ఒక్క అబద్ధం ఆడిన."

కొమురయ్య కొంచెం నవ్వాడు. "భయపడ్డడా?"

"ముందుగాల పడ్డడు. నాతోని చెప్పినంక తగ్గింది. నాకూ భయమైతాందని నేను చెప్పినంక ఇంక తగ్గింది."

"గంతేనా?"

"గంతే అన్న."

ఆయన రాజవ్వ వైపు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది, చీరకొంగు నోట్లో కుక్కుకుని. "నీకూ భయమైతాందా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. "మరి చెప్పవైతివి," అన్నాడు. రాజవ్వ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. మేమిద్దరం బయటికి వచ్చేశాం.

అరగంటకు రాజవ్వ పొయ్యి దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "పచ్చిపులుసు కావాల్నట!" ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ సందులోనే నిలబడి ఏడ్చాను. అవును, నేనే.

ఆ తర్వాత రెండు నెలలున్నాడు. అవి మంచి నెలలే. సాయంత్రం మంచం వాకిట్లో వేయించుకుని, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళతో ముచ్చట పెట్టేవాడు. "కామెర్లు గావురా, కాన్సర్. తాగుడు గాదు, ఎవలనూ అనకుండ్రి. కండ్లు పచ్చవడితే వాతకు పోకుండ్రి, సిస్టరమ్మ తిడ్తది," అని నవ్వేవాడు. మందమర్రి నుంచి కూతురొచ్చి నెలరోజులుంది. ఆగస్టులో ఇంట్లోనే, నిద్రలోనే పోయాడు. నొప్పి గోలీ ఒక్కపూట కూడా తప్పలేదు.

కొత్తవాళ్ళకు

ఇది చదివి రేపే నలుగురిని పోగుచేసి కూర్చోబెట్టకండి. అందరూ ఈ పనికి పనికిరారు. ఆ తర్వాతి ఏడాది నేను ఇంకొకామెను ఒక ఇంటికి పంపితే, ఆమె తన కష్టమే రెండు గంటలు చెప్పుకుని ఆ ఇంటివాళ్ళను భయపెట్టి వచ్చింది. అడిగినదానికి చెప్పి, అడగనిదానికి ఊరుకునే మనిషి కావాలి. ఖాజాబీ మందుల మోతాదు గురించి అడిగితే "నన్నడగకు, డాక్టర్‌నడుగు" అనేది. అదీ ఉండాలి. ఇంకొకటి, అన్ని ఇళ్ళూ తెలుసుకోవాలని కోరవు. కొమురయ్య అడిగాడు కనక చెప్పాం. అడగనివాడి మీద నిజం కుమ్మరించడానికి మనకేం హక్కు?

కానీ పంపాలా వద్దా అన్నది మీ అంతట మీరు తేల్చేయకండి. అడగండి. నేను ఈ మాట ఒకసారి నేర్చుకుని మళ్ళీ మరిచిపోయాను.

కొమురయ్య పోయిన పదమూడో రోజు రాజవ్వ దవాఖానకొచ్చింది, మిగిలిన మందులు తిరిగి ఇవ్వడానికి. నుదురు బోసిగా ఉంది. అదే పొద్దున జ్యోతినగర్ నుంచి పవర్‌హౌస్ ఇంజనీరు భార్య ఒకామె, భర్త హైదరాబాద్ రిపోర్టు పట్టుకుని మా డాక్టరుగారి కోసం వచ్చి, వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. చదువుకున్న మనిషి. రిపోర్టు తెరిచి, మూసి, మళ్ళీ తెరుస్తోంది.

రాజవ్వ ఆమెను చూసింది. "గదేనా?" అని మెల్లగా అడిగింది.

అవునన్నాను.

"నేను మాట్లాడాల్నా?"

"ఇప్పుడే వద్దు రాజవ్వా," అన్నాను. "ఇంకా నీ కళ్ళు ఆరలేదు. నెల మాసికమన్నా కానీ. నీ మనసు కుదుటపడనీ. వచ్చే నెల నేనే తీసుకెళతాను."

రాజవ్వ నన్ను కోప్పడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"నాకు నెల ఉన్నది సిస్టరమ్మా. ఆమెకు ఉన్నదా?"

రాజవ్వను వెంటబెట్టుకుని వరండాలోకి నడిచాను. ఆ ఇంజనీరు భార్య తల ఎత్తి మమ్మల్ని చూసి, రిపోర్టు ఒళ్ళోకి తీసుకుని, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది.